జడ ఎవరు వేస్తారు

కొత్తపేట,
ఆవకాయ కలిపిన మర్నాడు.

చిరంజీవి మాణిక్యాలరావుకి,

నీ పెళ్ళాన్ని పెంచిన అమ్మమ్మ వీరాయమ్మ దీవించి, బడిపంతులు త్రిమూర్తులు గారి చేత రాయిస్తున్నది. మేం బాగున్నాం. నువ్వు హోటల్లో తింటున్నావు కాబట్టి ఎలా ఉన్నావో అడగను.

అమలాపురం నుంచి కాకినాడ బదిలీ అయి పట్టుమని పది రోజులు కాలేదు, కచేరీకి ఎదురుగా ఇల్లు దొరికిందనీ, తులసినీ చంటాణ్ణీ వెంటనే పంపించమనీ రాసేవు. గదులెన్నో రాసేవు, కిటికీలెన్నో రాసేవు, కరెంటు దీపం ఉందని రెండుసార్లు రాసేవు. ఇరుగు పొరుగు గురించి మాత్రం ఒక్కటే ముక్క, "వాళ్ళు ఎవరి జోలికీ రారు" అని. అదేదో గొప్పలా రాసేవు. ఎవరి జోలికీ రానివాళ్ళ మధ్య కాపరం ఎలా చేస్తారయ్యా?

నీకు తెలియని సంగతి కాదు, అయినా చెబుతాను. తులసి తల్లి, అంటే నా కూతురు, పట్నంలో కాపరం ఉండగా నొప్పులొచ్చేయి. మొగుడు ఊళ్ళో లేడు. అరిచిందట. ఆ పక్కవాళ్ళూ ఎవరి జోలికీ రానివాళ్ళే. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పిల్ల దక్కింది, తల్లి పోయింది. ఆ దక్కిన పిల్లే నీ పెళ్ళాం. దానికిప్పుడు అయిదో నెల. అంచేత ఇల్లు చూడకు, వీధి చూడు. పెళ్ళికూతుర్ని చూసినట్టు చూడు. ఊరికి దూరమైనా ఫరవాలేదు, సైకిలు తొక్కేది నువ్వే కదా.

ఎలా చూడాలో చెబుతాను విను. పొద్దున్నే కుళాయి దగ్గరికి వెళ్ళు. ఆడవాళ్ళు తిట్టుకుంటారు, తిట్టుకోనీ. తిట్టుకున్నాక ఒకరి బిందె ఒకరు ఎత్తి చంకన పెడుతున్నారా లేదా, అది చూడు. తరవాత దీపాలు పెట్టేవేళ ఒకింటి తలుపు తట్టి, తోడుకి మజ్జిగ అడుగు. ఆ వేళప్పుడు తోడు ఇవ్వకూడదు. ఇచ్చేస్తే ఆ ఇంటికి పద్ధతి లేదు. లేదు పొమ్మంటే ఆ ఇంటికి జాలి లేదు. "ఇప్పుడివ్వకూడదు నాయనా, కూర్చో, రెండు ముద్దలు తిని వెళ్ళు" అన్న ఇల్లు తగిలితే అక్కడ ఆగు. ఆ ఇంట్లో ఆడపిల్లలుంటే పైకి వినబడేలా నవ్వుతున్నారా విను. జడ ఎవరు వేస్తారో అడుగు. తల్లి వేస్తే విశేషం లేదు. ఇరుగు పొరుగువాళ్ళు వేస్తున్నారంటే అదీ వీధి.

ఇల్లు అద్దెకి కావాలని మాత్రం నోరు జారకు. పెళ్ళివారొచ్చేరంటే ఎంత గయ్యాళి పిల్లైనా తల వంచుకు కూచుంటుంది. అద్దెకొచ్చేరంటే ఎంత పాడు వీధైనా అంతే. ఎవరైనా అడిగితే "ఊరికే చూసి పోదామని వచ్చేనండీ" అను.

వీధి కుదిరేదాకా తులసి రేవు దాటదు.

ఇట్లు, వేలిముద్ర వేసిన వీరాయమ్మ.

తా.క. నీ ఉత్తరం పంతులుగారు అరుగు మీద కూర్చుని చదివేరు. చివర్న తులసికని రాసుకున్న నాలుగు ముక్కలు కూడా ఆ ఊపులోనే చదివేసేరు. తులసి లోపలికి పారిపోయింది. ఎదురింటి ముసలాయన ఆ ముక్క ఇంకోసారి చదవమన్నాడు. ఇకమీద అలాంటివి ముందు పేజీలో రాయి, అప్పటికింకా జనం చేరరు.


కాకినాడ,
19-5-51.

పూజ్యులైన అమ్మమ్మగారికి,

మీ మాణిక్యాలరావు నమస్కారాలు. హోటల్లో తింటున్నాను కాబట్టి ఎలా ఉన్నానో నేనూ రాయను.

మీరు చెప్పిన ప్రకారం ఊరి చివర సరుగుడుతోట అనే పేట చూసేను. తోట కొట్టేసి ఈమధ్యే ఇళ్ళు కట్టేరు. ఇసక నేల, సముద్రపు గాలి, ప్రతి ఇంటికీ వీధి అరుగు. కచేరీకి వెళ్ళేసరికి చొక్కా పిండుకోవాలి గాని, పిల్లలు ఆడుకోవడానికి కావలసినంత జాగా.

తెల్లారగానే వెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాను. బిందె లేకుండా నిలబడ్డ మగాణ్ణి చూసి ఆడవాళ్ళు తిట్టుకోవడం మానేసి నన్నే చూసేరు. ఇది లాభం లేదని మర్నాడు హోటలువాణ్ణి బతిమాలి ఒక బిందె పట్టుకెళ్ళేను. అప్పుడు మాత్రం చక్కగా తిట్టుకున్నారండి. ఒకావిడ ఇంకొకావిణ్ణి తాతలదాకా తిట్టి, ఆ నోరు మూయకుండానే వంగి, ఆవిడ బిందె ఎత్తి చంకన పెట్టింది. తరవాత నా బిందె ఎత్తి నా చంకనా పెట్టింది. పెట్టించుకోక తప్పలేదు.

దీపాలవేళ ఒక తెల్ల గోడల ఇంటి తలుపు తట్టి తోడు అడిగేను. ఇల్లుగలాయన పాపారావు గారు. ఆయన భార్య రమణమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి, "దీపాలు పెట్టేక తోడు ఇవ్వకూడదు నాయనా. మజ్జిక్కి నువ్వే వచ్చేవంటే ఇంట్లో ఆడదిక్కు లేనట్టుంది. కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని" అని పీట వేసేరు. ఆనపకాయ పులుసు తింటూ మీరు గుర్తొచ్చేరు. ఇల్లు మాట ఎత్తలేదు. ఎందుకొచ్చేవంటే, ఊరికే చూసి పోదామని వచ్చేనన్నాను.

లోపల వాళ్ళ పెద్దమ్మాయి నవ్వడం వినబడింది. "నవ్వు బాగుందండీ" అన్నాను పాపారావు గారితో. తరవాత మరిచిపోకుండా, "మీ అమ్మాయికి జడ ఎవరు వేస్తారండీ" అని అడిగేను. నవ్వు ఆగిపోయింది. భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రమణమ్మ గారు ఇంకో గరిటె నెయ్యి వేసేరు. జవాబు మాత్రం రాలేదు.

మీకు నచ్చే సంగతి ఇప్పుడు రాస్తున్నాను. పాపారావు గారు నా ఇంటిపేరు, మా తాతగారి ఊరు, మా పొలం ఏ కాలవ కింద ఉందీ అన్నీ కనుక్కుని, వచ్చేటప్పుడు జాతకం ఉంటే ఇవ్వమన్నారు. వాళ్ళ పెరటి వాటా అద్దెకిస్తామని గుమ్మానికి బోర్డు వేలాడుతోంది. నేను నోరు విప్పకుండానే ఆయన కనిపెట్టేసేరు. అద్దెకిచ్చే ముందు నక్షత్రం చూసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారండి. నా జాతకం మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉంది. పంపగలరు.

ఇట్లు, మీ మాట జవదాటని మాణిక్యాలరావు.

తా.క. తులసికి: ముందు పేజీలో చోటు చాలలేదు. అంచేత ఏమీ రాయడం లేదు. ఏం రాయలేదో నీకు తెలుసు.


కొత్తపేట,
దూడకి ముక్కుతాడు వేసిన రోజు.

చిరంజీవి మాణిక్యాలరావుకి,

వీరాయమ్మ రెండు చేతులా దీవించి రాయిస్తున్నది. నీ ఉత్తరం ఒకసారి సంగతి కోసం విన్నాను, రెండోసారి బిందె కోసం విన్నాను.

ఆ పాపారావు ఎవరో గాని మనిషి. పశువుని కొనేటప్పుడే సుడి చూస్తాం, మనిషిని పెరట్లో పెట్టుకునేటప్పుడు చూడకపోతే ఎలా? జాతకానికి పంతులుగారి చేత శుభ్రంగా నకలు రాయించి పంపుతున్నాను. నీకు కుజదోషం లేదని పైన పెద్ద అక్షరాలతో వేయించేను, ఇల్లుగలవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. నెమ్మదస్తుడు, ఎదురు మాట్లాడడు, చుట్టా బీడీ ఎరగడు అని కూడా రాయించేను. ఆఖరిది అబద్ధమైతే ఆ మనిషి దగ్గరికి వెళ్ళే లోపల నిజం చేసుకో.

వట్టి చేతులతో వెళ్ళకు. మన లోవరాజు రావులపాలెం నుంచి కాకినాడ బజారుకి అరటిగెలలు తోలుతున్నాడు. వాడి చేత ఒక చక్రకేళీ గెల, కొబ్బరికాయలు, పూతరేకులు పంపిస్తున్నాను. ఇంటావిడకి పసుపు, కుంకం, రవికెల గుడ్డ. నీ పేరు చెప్పి తిన్నగా వాళ్ళ గుమ్మంలోనే దింపమన్నాను. వీధిలో నలుగురూ చూస్తే, వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో తెలుస్తుంది.

జడ సంగతి మాత్రం వదలకు. జవాబు చెప్పకుండా నెయ్యి వేసేరంటే ఏదో ఉంది. నెయ్యికి లొంగకు.

ఇట్లు, సంతోషంగా వేలిముద్ర వేసిన వీరాయమ్మ.

తా.క. ఇది నేను, త్రిమూర్తుల్ని, సొంతంగా రాస్తున్నాను. నకలు రాస్తూ మీ జాతకం కాస్త పరిశీలించేను. గురుబలం దివ్యంగా ఉంది. భార్యాస్థానంలో మాత్రం ఏదో కలకలం కనబడుతోంది. ఆవిడకి చెప్పలేదు. చెబితే గ్రహాన్ని వదిలేసి నన్ను తిడుతుంది.


కాకినాడ,
4-6-51.

పూజ్యులైన అమ్మమ్మగారికి,

నమస్కారాలు. పని పండింది. మీరు సామాను మూట కట్టించవచ్చు.

జాతకం ఇస్తే పాపారావు గారు కళ్ళకద్దుకున్నారు. పురోహితుడికి చూపించి, అన్నీ కలిసేయన్నారు. దేనితో కలిసేయో నేను అడగలేదు, ఇంటి వాస్తుతో కాబోలు. లోవరాజు గెల దింపేసరికి వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. పసుపు కుంకం చూసి రమణమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. మీరు మనుషుల్ని ఎరిగినవారండి.

"ఆషాఢం రాకుండా ముహూర్తం పెట్టించేద్దాం" అన్నారు పాపారావు గారు. "ఎంత తొందరైతే అంత మంచిదండీ, హోటలు తిండి పడడం లేదు" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. మీ తరఫున ఎంతమంది వస్తారన్నారు. నలుగురికి మించి ఉండమండీ అన్నాను. ఆయన పాపం చిన్నబుచ్చుకున్నారు, "నలుగురేనా, మా వైపు వీధంతా ఉంటుందే" అని. సామాను ఒక బండెడు వస్తుందంటే, "మంచం, బీరువా మేం చేయిస్తున్నాం, మీరేం మోసుకురాకండి" అన్నారు. అద్దెకొచ్చేవాడికి మంచం చేయించే ఇల్లుగలాయన గురించి నేను విననైనా వినలేదు.

ఇంక దాచడం ఎందుకని పెరటి వాటా చూపించి అద్దె మాట ఎత్తేను. ఆయన రెండు చెవులూ మూసుకుని, "నీ దగ్గర అద్దె పుచ్చుకుంటే ఊళ్ళో తలెత్తుకోగలనా. అది నీదే అనుకో, ఇక్కడే ఉండిపో" అన్నారు. వీధి అంటే ఇది. తులసి ఇక్కడ ఏ బెంగా లేకుండా ఉంటుంది. దయచేసి పంపించండి. ఒంటరిగా ఉండలేకపోతున్నాను. ఈ ముక్క అరుగు మీద చదివినా ఫరవాలేదు.

ఇట్లు, ఇంటివాడు కాబోతున్న మాణిక్యాలరావు.

తా.క. జడ సంగతి మళ్ళీ అడిగేను. ఆ అమ్మాయి తలుపు చాటు నుంచి విని, లోపలికి పరుగెత్తింది. నేను మీ ఇంటికి పెళ్ళిచూపులకి వచ్చిన రోజున తులసి కూడా ఇలాగే పరుగెత్తింది. అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదు.


కొత్తపేట,
లోవరాజు వచ్చి చెప్పిన గంటకి.

మాణిక్యాలరావుకి,

దీవెనలు లేవు. పంతులుగారు అలవాటు కొద్దీ పైన చిరంజీవి అని రాస్తే కొట్టేయించేను. కొట్టేసిన గీత నీకు కనబడాలనే కాగితం మార్చలేదు.

లోవరాజు నా గుమ్మంలో కొత్త పంచె కట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడిదిరా అన్నాను. "గెల దింపి వస్తుంటే రమణమ్మ గారు పెట్టేరండి. ఎందుకమ్మా అంటే, మగపెళ్ళివారి మనిషివి కదయ్యా అన్నారండి. ఆయ్ అని పుచ్చుకున్నానండి. రేవు దాటేక అనుమానం వచ్చిందండి" అన్నాడు. ఏం పెళ్ళిరా, ఎవరికిరా అంటే, పాపారావు గారి పెద్దమ్మాయికీ మీ మనవరాలి మొగుడికీ అండి, ఆషాఢానికి ముందేనండి అన్నాడు.

నవ్వు బాగుందా? కడుపుతో ఉన్న పెళ్ళాన్ని ఇక్కడ పెట్టుకుని, అక్కడ నవ్వు విన్నావా? వినమన్నది నేనే, కాదనను. వీధి కోసం వినమన్నాను. నా చేతే జాతకం రాయించుకున్నావు. నా అరటిగెలతోనే నా మనవరాలికి సవితిని కుదుర్చుకున్నావు. కుజదోషం లేదని పెద్ద అక్షరాలతో వేయించిన దాన్ని నేను, నాకు బుద్ధి లేదు. ఒకడికి ఇద్దరు పెళ్ళాలు కూడదని గవర్నమెంటు చట్టం చేసిందట, పంతులుగారు పేపర్లో చదివేరు. గవర్నమెంటు నీ దాకా రావడానికి టైము పడుతుంది. నాకు పట్టదు.

తులసి ఏడుస్తోందనుకుంటున్నావేమో. నవ్వుతోంది. "ఆయనకి అంత తెలివెక్కడిది అమ్మమ్మా" అంటోంది. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా రాయించేను.

తులసి నీ కాపరానికి రాదు. ఈ ఉత్తరానికి జవాబు అక్కర్లేదు.

ఇట్లు, వేలిముద్ర గట్టిగా నొక్కిన వీరాయమ్మ.

తా.క. పంతులుగారు మంచినీళ్ళకి లేచేరు. నేను తులసిని. అమ్మమ్మ అటక మీంచి ట్రంకు పెట్టె దింపిస్తోంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. మీరు ఉన్నచోటే ఉండండి, ఎక్కడికీ కదలకండి.


కొత్తపేట,
14-6-51.
(చేరవలసిన చిరునామా: కేరాఫ్ పాపారావు గారు, సరుగుడుతోట, కాకినాడ.)

పూజ్యులైన అమ్మమ్మగారికి,

మీ అరుగు మీద కూర్చుని, మీ పంతులుగారి కలంతో రాస్తున్నాను. మీ ఇంటికి తాళం వేసి ఉంది. తులసినీ చంటాణ్ణీ తీసుకుని మీరు కాకినాడ వెళ్ళేరని పంతులుగారు చెప్పేరు. ట్రంకు పెట్టె దింపిస్తున్నారంటే నా బట్టలు బయట పారేస్తున్నారనుకుని, కాళ్ళ మీద పడదామని పరుగెత్తుకొచ్చేను.

నిన్న రేవులో నా పడవ ఇటు వస్తుంటే అటు వెళ్ళే పడవలో ఒక ముసలావిడ చుట్ట కాలుస్తూ పడవవాణ్ణి తిడుతోంది. గొంతు ఎరిగినదే అనిపించింది గాని నమ్మలేదు. పక్కనున్న ఆవిడ గొడుగు కింద నుంచి నాకేసి చెయ్యి ఊపింది. ఎండలో మొహం కనబడలేదు. మర్యాదకి నేనూ ఊపేను.

అక్కడ జరిగింది మీరు ఈపాటికి వినే ఉంటారు. మీ ఉత్తరం చదవగానే తిన్నగా పాపారావు గారింటికి వెళ్ళి, "అయ్యా, నాకు పెళ్ళయింది, కొడుకున్నాడు, నేను చూడ్డానికి వచ్చింది పెరటి వాటానండి" అన్నాను. ఆయన అరుగు మీద కూలబడ్డారు. రమణమ్మ గారు చీపురు అందుకున్నారు. ఆ రోజు నా బిందె ఎత్తి చంకన పెట్టినావిడే, ఈసారి తన బిందె నా నెత్తిన బోర్లించింది. ఎదురింట్లో యేసురత్నం గారని ఆసుపత్రి నర్సమ్మ ఉన్నారు. ఆవిడ నా కాలరు పట్టుకుని, "ఇంట్లో ఉన్న నీ పెళ్ళాం మాటేమిటి, దానికి తెలుసా" అన్నారు. తెలుసండీ, ఇప్పుడు అయిదు దాటి ఆరో నెల అండీ అన్నాను. అది చెప్పకుండా ఉండవలసింది. పేట చివర మిగిలిన సరుగుడు చెట్ల దాకా తరిమేరు.

మీరు చెప్పిన మాట ఒక్కటీ తప్పలేదు అమ్మమ్మగారూ. అదే నేను చేసిన నేరం. ఆ వీధిలో ఇక మనకి ఇల్లు దొరకదు. దొరకకపోతే పోనివ్వండి, నా మీద కోపంతో తులసిని మాత్రం నాకు దూరం చెయ్యకండి.

ఇట్లు, మీ అరుగు మీద మాణిక్యాలరావు.

తా.క. మీ గేదె నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. దానికి కూడా ఎవరో చెప్పినట్టున్నారు.


కాకినాడ, సరుగుడుతోట,
సామాను సర్దిన సాయంత్రం.

చిరంజీవి మాణిక్యాలరావుకి,

మళ్ళీ చిరంజీవి అని రాయించేను, గమనించు.

నేను వీధి మొదట్లో బండి దిగి, "నా మనవరాలికి సవితిని ఇస్తున్న పాపారావు ఎవడ్రా" అని కేక వేసేను. కేక సగంలో ఉండగానే తలుపులు తెరుచుకున్నాయి. ఆ చివర నుంచి ఈ చివరి దాకా మూసి ఉన్న తలుపు ఒక్కటి లేదు. ఆడవాళ్ళందరూ ఒక్కసారి వస్తుంటే నన్ను కొట్టడానికే అనుకుని కర్ర సవరించుకున్నాను. వాళ్ళు నన్ను దాటుకుని తులసి దగ్గరికి పోయేరు. "నువ్వేనా తల్లీ" అని రమణమ్మ దాని చేతిలో సంచీ అందుకుంది. నర్సమ్మ అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి నాడి చూసింది. ఒకావిడ చంటాణ్ణి ఎత్తుకుపోయింది, ఇంతవరకు తిరిగివ్వలేదు. "వాణ్ణి తరిమేసేమమ్మా, నువ్వు బెంగ పెట్టుకోకు. మళ్ళీ వస్తే మళ్ళీ తరుముతాం" అన్నారు.

మొహం కూడా చూడని పిల్ల కోసం చీపురు తీసిన వీధి నాయనా ఇది. నువ్వు కుళాయి దగ్గర చూసింది, పులుసు తిని చూసింది ఒక ఎత్తు, తన్నులు తిని చూపించింది ఒక ఎత్తు. నా కూతురు ఇలాంటి చోట కాపరం ఉండి ఉంటే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

పెరటి వాటా తీసుకున్నాను. అద్దె ఇస్తానంటే ఈసారి పాపారావు చెవులు మూసుకోలేదు. నీ జాతకం తిరిగి ఇచ్చేసేడు. మావాళ్ళలో మంచి కుర్రాడున్నాడు, వాడి జాతకం తెప్పిస్తానన్నాను. పెళ్ళి కాలేదని ముందు ఊరంతా అడిగి కనుక్కోమన్నాడు.

నీ సంగతి అందరికీ తులసే చెప్పింది. నీకు రెండో పెళ్ళి చేసుకునేటంత తెలివి లేదంటే, నమ్మడానికి వాళ్ళకి ఎంతోసేపు పట్టలేదు. గేదెని లోవరాజుకి అప్పగించి, కొబ్బరి దింపించి బయల్దేరు. వచ్చేటప్పుడు బిందె ఒకటి తెచ్చుకో. కుళాయి దగ్గరికి వెళ్ళేది ఇక నువ్వే, తులసి బరువులు ఎత్తకూడదని నర్సమ్మ చెప్పింది.

ఇట్లు, సరుగుడుతోట వీరాయమ్మ.

తా.క. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటుంటే ఈ వీధిలో ఎవరూ నవ్వలేదు. రమణమ్మ నిప్పు తెచ్చి ఇచ్చింది. దులిపి పోదామని వచ్చినదాన్ని, పురుడు అయ్యేదాకా ఉంటానంటున్నాను. తరవాత సంగతి తరవాత.

తా.క. అన్నయ్యగారికి, ఈ ఉత్తరం రాసి పెడుతున్నది పాపారావు గారి పెద్దమ్మాయిని. నా పేరు పార్వతి. మీరు అన్ని విషయాలూ అడిగేరు గాని పేరు అడగలేదు. మీరు అడిగినదానికి అప్పుడు సిగ్గుపడి జవాబు చెప్పలేదు. ఈ వీధికి వచ్చినప్పట్నుంచీ నాకు జడ ఎదురింటి నర్సమ్మ గారు వేస్తారు. ఇవాళ తులసి వదినకి కూడా వేసేరు.